కొనలు లేని తీగ



రేడియోలో వాక్యము విని బలపడినవారు మనలో అనేకులున్నారు. ఆ స్వరమును మోసిన తీగను గూర్చి నేడు ధ్యానించుదము.

దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ రాజధాని కీటో. అక్కడ క్లారెన్స్ జోన్స్, రూబెన్ లార్సన్ అను మిషనరీలు 1931 డిసెంబరు 25న హెచ్.సి.జె.బి. రేడియో ప్రసారములు ఆరంభించిరి. తరువాత దూరదేశములకును సువార్త వినబడవలెనని 10,000 వాట్ల శక్తితో ప్రసారము చేయగా, క్రొత్త కష్టము వచ్చెను. కీటో సుమారు 2,800 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి పలుచన. యాంటెన్నా కడ్డీల కొనలలో చేరిన అధిక వోల్టేజిని ఆ గాలి ఆపలేదు. కొనలు నిప్పులు చిమ్మి కాలిపోవుచుండెను. శక్తి తగ్గించితే స్వరము దూరము పోదు. తగ్గించకుంటే యాంటెన్నా నిలువదు!

1942లో ఇంజనీరు క్లారెన్స్ మూర్ పోసోర్హా అను తీరగ్రామమునకు పుస్తకములు వెంటబెట్టుకొని వెళ్లి, ప్రార్థించుచు ఆలోచించెను. కాలుచున్నవి కొనలే గదా, కొనలే లేకుండ కట్టరాదా? తీగను చతురస్రముగా చుట్టి, రెండు చివరలను కేబులు కలియుచోటికే తెచ్చెను. నిప్పులు ఆగెను. అదే నేడు హామ్ రేడియోవారు ఎరిగిన క్వాడ్ యాంటెన్నా.

ఇంటివద్ద అట్టి చుట్టు కట్టువారికి మరియొక సంగతి తెలుసు. 7.1 మెగాహెర్ట్జ్‌కు సుమారు 43 మీటర్ల తీగ కావలెను. ఆ చుట్టు నిరోధము ఇంచుమించు 100 ఓములు, కేబులుది 50. నేరుగా కలిపితే శక్తిలో తొమ్మిదవ వంతు వెనుకకు తిరుగును. నడుమ 75 ఓముల కేబులు పావు తరంగము పొడవున, అనగా సుమారు 7 మీటర్లు, చేర్చితే రెండును కుదురును.

ప్రియులారా, స్వరము ఆగునది శక్తి చాలకనే కాదు. ఒంటరి కొనలయందును, కుదరని అతుకులయందును ఆగును. మన సంఘములో వరములు కొదువా? పెద్దలకును యౌవనులకును నడుమ, అత్తకును కోడలికిని నడుమ నిలిచి కలుపువారే కొదువ. ఎఫెసీయులకు 4:16 తెరచి చదువుడి. సహవాసము విడిచి ఒంటరిగా ఉన్నవారెవరో తలంచుకొని, ఈ వారమే వారి యింటికి వెళ్లుడి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.