క్షయ ఔషధములు: ఎంజైము నిరోధకముల అన్వేషణ

క్షయ క్రిమి జీవక్రియలను నడపు ఎంజైములలో ఒకదానిని స్తంభింపజేసి, తద్ద్వారా ఆ క్రిమిని నశింపజేయగల రసాయనములను వెదకు శాస్త్రకృషి యిది. 1882లో రాబర్ట్ కోక్ ఆ క్రిమిని లోకమునకు చూపిన పిదప స్ట్రెప్టోమైసిన్ వెలువడువరకు, అనగా రమారమి అరువది యేండ్లు, నమ్మదగిన మందు లేకుండెను. 1946లో స్వీడన్ దేశీయుడు యోర్గెన్ లేమాన్ ప్రకటించిన పాస్ అను మందు క్రిమి యొక్క ఫోలేటు నిర్మాణమున కడ్డు తగులును.

ఈ చరిత్రలో అగ్రస్థానము ఐసోనియాజిడ్‌ది. 1912లో ప్రేగ్ నగరమున హాన్స్ మేయర్, జోసెఫ్ మాలీ దానిని తయారుచేసిరి గాని, దాని క్షయనాశక శక్తి నలువది యేండ్లు మరుగుననే యుండెను. 1952లో న్యూయార్కులోని సీ వ్యూ ఆసుపత్రి రోగులకు దానిని ఈయగా, అన్నము సహింపక కృశించినవారికి ఆకలి పుట్టి, ఒడలు తేరుకొనెను. అది ఏ ఎంజైమును పట్టునో ఎరుగకయే వైద్యులు దానిని వాడుచు వచ్చిరి.

1954లో గార్డ్‌నర్ మిడిల్‌బ్రూక్ ఒక సూక్ష్మవిషయమును గుర్తించెను. సామాన్య క్షయ క్రిముల పెంపకముపై హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసినచో బుడగలు పొంగును. ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిములలో పెక్కింటికి పొంగు రాదు, ఏలయన వానిలో కాటలేజ్ ఎంజైము లోపించియుండును. ఈ శ్లాఘనీయమైన పరిశీలనకు పూర్తి అర్థము 1992లో గాని తెలియలేదు. యింగ్ జాంగ్, స్ట్యూవర్ట్ కోల్ ప్రభృతులు కాటలేజ్‌కు మూలమైన కాట్‌జీ జన్యువును పరీక్షించి, ఆ ఎంజైమే మందును క్రిమి లోపల చైతన్యవంతము చేయుచున్నదనియు, అది లేనిచో మందు నిర్వీర్యమగుననియు తేల్చిరి. 1994లో విలియం జేకబ్స్ బృందము ఇన్‌హెచ్‌ఏ అను లక్ష్యమును పట్టుకొనెను. చైతన్యము పొందిన మందు ఎన్‌ఏడీ అను సహాయకాణువుతో కలిసి ఆ ఎంజైము గుంటలో దిగబడగా, క్రిమి కవచమునకు ప్రాణమైన మైకోలిక్ ఆమ్లముల నిర్మాణము నిలిచిపోవును. మానవదేహము ఆ ఆమ్లములను తయారుచేయదు. ఔషధాన్వేషకుల కంతకంటె అనుకూలమైన లక్ష్యము అరుదు. కాట్‌జీ ప్రమేయము లేకయే ఇన్‌హెచ్‌ఏను నేరుగా పట్టు నిరోధకములకై నాటినుండి వెదకులాట సాగుచున్నది.

1998లో క్షయ క్రిమి జన్యుపటము, సుమారు నాలుగువేల జన్యువులతో, వెలువడగా, ఎంజైమును శుద్ధిచేసి దానిపై వేలకొలది రసాయనములను పరీక్షించు పద్ధతిపై ఆశలు మిక్కుటమయ్యెను. పరీక్షనాళికలో ఎంజైమును కట్టివేసిన పదార్థములు పెక్కు, మైనపు కవచమును దాటలేకయో, దాటినను వెలికి నెట్టబడియో, సజీవక్రిమిని చంపజాలకపోయెను. అందుచే పరిశోధకులు మరల సజీవక్రిమిపైననే మందులను పరీక్షింపసాగిరి. 2005లో ప్రకటింపబడిన బెడాక్విలిన్ ఈ మార్గముననే, నిరపాయమగు సజాతీయ క్రిమిపై జరిగిన పరీక్షలలో, దొరకెను. దానికి లొంగని క్రిముల జన్యువులను చదివిన పిమ్మట గాని, అది పట్టునది ఏటీపీ సింథేజ్ అని తెలియలేదు. 2012లో అమెరికాలో దానికి అనుమతి లభించెను. 2009లో వెలువడిన బెంజోథయజినోనుల విషయమునను క్రిమి చచ్చుటయే ముందు కనబడినది, కవచనిర్మాణమున పాల్గొను డీపీఆర్‌ఈ1 అను ఎంజైము తరువాత బయల్పడినది.