తేలియా రుమాలు

తేలియా రుమాలు నూనె పట్టించిన నూలుతో చేతిమగ్గం మీద నేసే చదరపు బట్ట. మగ్గం ఎక్కకముందే పడుగుకూ పేకకూ విడివిడిగా ముడులు కట్టి రంగు వేస్తారు. నేతలో ఆ రెండూ కలిసినచోట బొమ్మ తేలుతుంది. ఈ పనిని నేతగాళ్లు చిటికి అంటారు, బజారు ఇక్కత్ అంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు: సంప్రదాయ రుమాలుకు ఈ మూడు రంగులే. దీని పుట్టినిల్లు కోస్తాలోని చీరాల. నేడు ప్రధానంగా నేస్తున్నది యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం మండలంలోని పుట్టపాక గ్రామం. హైదరాబాద్ పాతనగరం ఈ బట్టను నేసిన చోటు కాదు, కట్టిన చోటు. పేరు కూడా కట్టినవాళ్ల భాషలోనే నిలిచింది. ఉర్దూలో తేల్ అంటే నూనె. పారసీకంలో రూ అంటే ముఖం, మాల్ అంటే తుడిచేది.

చీరాల ప్రాంతపు నూలుబట్టకు పేరు పాతదే. సమీపంలోని మోటుపల్లి కాకతీయుల రేవు. సముద్ర వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు అక్కడ వేయించిన శాసనం 13వ శతాబ్దపు నడిమి కాలానిది. అదే శతాబ్దం చివర ఈ తీరాన్ని వర్ణించిన మార్కోపోలో ఇక్కడి సన్నని బట్టను సాలెగూడుతో పోల్చాడు. తర్వాతి రెండు మూడు శతాబ్దాల నేత గురించి శాసనాల్లో మగ్గం పన్నుల ప్రస్తావనలే ఎక్కువ. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ఆ రాజ్యానికి ప్రధాన రేవయింది. 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తకం మొదలుపెట్టారు. కృష్ణా డెల్టాలో దొరికే చిరివేరు ఇచ్చే ఎరుపు ఈ తీరపు అద్దకాలకు ప్రాణం. తేలియా రుమాలు ఎరుపుకూ మొదట అదే ఆధారం.

ఈ బట్ట గుట్టంతా నూలును సిద్ధం చేయడంలోనే ఉంది. ఎండిన ఆముదపు కాయల తొక్కలను కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి, తేరిన క్షారపు నీటిని వడగడతారు. అందులో నువ్వుల నూనె గాని ఆముదం గాని కలిపితే పాలలాంటి ద్రవం తయారవుతుంది. నూలు చిలపలను అందులో పిసికి నానబెట్టి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ నానబెడతారు. ఇది రెండు మూడు వారాలు రోజూ సాగే పని. పాతకాలంలో గొర్రెల పెంటికలు కూడా కలిపేవారు. నూనెలోని ఆమ్లాలు నూలుపోగులో ఇంకి పటికను పట్టి ఉంచుతాయి, పటిక ఎర్రరంగును పట్టి ఉంచుతుంది. అందుకే ఈ ఎరుపు ఉతుకులకు జంకదు. ఐరోపావారు టర్కీ ఎరుపు అని అబ్బురపడి నేర్చుకున్న అద్దకంలోనూ నూనెదే కీలకం. ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో, తెంగానాన్ గ్రామంవారు నేసే గెరింగ్‌సింగ్ బట్టకు కూడా నూలును నూనెలో, బూడిద నీటిలో వారాల తరబడి నానబెట్టి, పడుగు పేకలు రెండింటినీ ముడి వేసి అద్దుతారు. గుజరాత్‌లోని పాటన్ పటోలాదీ జంట చిటికి పనే గాని అది పట్టు.

నూనె పట్టిన నూలును ఆసు పోస్తారు. అర్ధచంద్రాకారపు చట్రానికి ఒక అంచున వరసగా మేకులు, ఎదురుగా ఒక్క మేకు ఉంటాయి. పోగును అటూ ఇటూ తిప్పుతూ ఒక్కో మేకుకూ చుట్టాలి. ఇంటి ఆడవాళ్లు చేసే ఈ పనిలో చెయ్యి ఒక్క చీరకే వేల సార్లు తిరుగుతుంది. తర్వాత బొమ్మ లెక్క ప్రకారం బొగ్గుతో గీతలు గీసి, రంగు తగలకూడని చోట్ల దారంతోనో సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పీలికలతోనో బిగించి కట్టి ఎరుపులో ముంచుతారు. ముడులు మార్చి కట్టి నలుపులో ముంచుతారు. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసే నలుపు పాతది. నేసేటప్పుడు పేక పోగు వెంట్రుకవాసి తప్పినా బొమ్మ చెదురుతుంది కనుక, నేతగాడు కొన్ని పోగులకొకసారి నాడెను ఆపి సూదిమొనతో సర్దుకుంటాడు. రుమాళ్లను ఒకే పడుగు మీద వరసగా నేసి తర్వాత కోస్తారు. మధ్యలో గళ్లు, గళ్లలో చుక్కలు, నక్షత్రాలు, చుట్టూ వెడల్పాటి నిండురంగు అంచు ఉంటాయి. ఇంత ఓపిక అడిగే నూలుబట్ట తెలుగు నేలమీద మరొకటి అరుదు.

19వ శతాబ్దం చివరినుంచి 20వ శతాబ్దం తొలి అర్ధభాగం వరకు చీరాలకు మంచి కాలం. 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబె, లీబర్మన్ ఎర్రరంగునిచ్చే అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. అది బజారులోకి దిగాక చిరివేరు సాగు మూలబడింది. రంగు మారినా నూనె మారలేదు. రుమాళ్లు అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు, బర్మాకు ఓడలెక్కాయి. బయటి బజారులో వీటికి ఆసియా రుమాలు అనే పేరూ ఉండేది. ఎడారివాసులు తలపాగాగా చుట్టుకునేవారు. నూనె ఇంకిన బట్ట తలకు చల్లదనమిస్తుందని దీనికి పేరు. ఇక్కడ జాలర్లు, పశువుల కాపరులు లుంగీగా, గోచీగా, తలగుడ్డగా వాడారు. 1930ల నాటికి గళ్లలో సింహాలు, ఏనుగులే కాదు, గడియారాలు, విమానాలు కూడా వచ్చి కూర్చున్నాయి. అంతకు ముందే, 1921లో, పురపాలక సంఘపు పన్నులను ధిక్కరించి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల జనం ఊరు విడిచి రామనగరం పేరిట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. వారిలో నేత కుటుంబాలు తక్కువేం కాదు.

హైదరాబాద్‌లో ఈ బట్టకు రెండు రకాల ఆదరణ ఉండేది. నిజాం కొలువుకు చెందిన స్త్రీలు దీన్ని దుపట్టాగా కప్పుకున్నారు. సామాన్య ముస్లిం పురుషులు లుంగీగా కట్టారు, భుజాన వేసుకున్నారు. నిజాం సైన్యంలో చేరిన యెమెన్‌లోని హద్రమౌత్ అరబ్బుల సంతతి నేటికీ ఉండే బార్కస్ పాతనగరంలోనే ఉంది. ఆ పేరు బ్యారక్స్ అన్న మాటనుంచి వచ్చింది. భుజాన రుమాలు అక్కడి వేషంలో భాగం. కొన్నది గుడిసె అయినా దేవిడీ అయినా బట్ట ఒక్కటే కావడం గమనార్హం.

20వ శతాబ్దపు తొలి దశకాల్లో చిటికి పని చీరాలనుంచి నిజాం ఏలుబడిలోని నల్లగొండ ప్రాంతానికి చేరింది. పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం, చౌటుప్పల్ పద్మశాలి కుటుంబాలు దాన్ని అందుకున్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ బేరం సన్నగిల్లింది. మిల్లు బట్టమీద అచ్చువేసిన చవక రుమాళ్లు తలపాగాలకు చాలినాయి. 1955లో పుపుల్ జయకర్ ఒక వ్యాసంలో ఈ ఇక్కత్‌లను నిర్లక్ష్యానికి గురైన వర్గంగా పేర్కొని పండితుల దృష్టికి తెచ్చారు. ఆ దశకంలోనే పోచంపల్లి కాశీనుంచి పట్టు నేత నేర్చుకుని చీరలవైపు మళ్లింది. ఊరి గిరాకీ పెరిగింది, నూనె పని తగ్గింది. పోచంపల్లి ఇక్కత్ కీర్తి ముందు దానికి మూలమైన రుమాలు చాలాకాలం మరుగునపడింది.

చీరాలలో చిటికి నేత దాదాపు అంతరించగా, పుట్టపాక దాన్ని కాపాడింది. ఆ ఊరి గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ లభించింది. తల్లి లక్ష్మి పడే ఆసు కష్టం చూసి యంత్రం తయారుచేసిన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశంకు 2017లో అదే గౌరవం దక్కింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు నమోదైంది.

ఇప్పుడు పుట్టపాకలో నూనె నూలుతో ఎక్కువగా నేసేవి చీరలు, దుపట్టాలు. పాతనగరంలో మదీనా, పథ్థర్‌గట్టీ దుకాణాల్లో అమ్మే గళ్ల రుమాళ్లు చాలావరకు మరమగ్గాలవి. వాటికి నూనె వాసన ఉండదు.