కాలేయ వ్యాధిగా పొరబడే గుండె జబ్బు

పొట్ట నిండా నీరు, పెరిగిన కాలేయం, కాస్త పచ్చబడిన కళ్లు. చూడగానే సిరోసిస్ అనిపిస్తుంది. గుండెను చుట్టి ఉండే పెరికార్డియం పొర మందమై, గట్టిపడి, గుండెను విచ్చుకోనివ్వనప్పుడూ ఇవే లక్షణాలు కనిపిస్తాయి. గుండెలోకి చేరలేని రక్తం వెనక్కి నిలిచి కాలేయాన్ని ఉబ్బిస్తుంది. ఈ జబ్బు పేరు కన్‌స్ట్రిక్టివ్ పెరికార్డైటిస్. కుడివైపు గుండె వైఫల్యం, ట్రైకస్పిడ్ కవాటం లోపం కూడా ఇలాగే తికమక పెడతాయి.

1842లో లండన్ గైస్ ఆసుపత్రిలో నార్మన్ చీవర్స్, అతుక్కుపోయిన పొర గుండెను ఎలా నొక్కుతుందో వివరించాడు. ఆయనే తర్వాత బెంగాల్ వచ్చి కలకత్తా మెడికల్ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యాడు. 1873లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్ మెడ సిరల్లోని ఆనవాలు చెప్పాడు. 1896లో ప్రాగ్‌లో ఫ్రీడెల్ పిక్ దీన్ని ‘పెరికార్డియం వల్ల వచ్చే నకిలీ సిరోసిస్’ అన్నాడు. అంతకన్నా సూటైన పేరు ఆ తర్వాత ఎవరూ పెట్టలేదు. బిగుసుకున్న పొరను ఒలిచేయవచ్చని 1898లో ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ డెలోర్మ్ సూచించాడు. అలాంటి ఆపరేషన్లు ఇరవయ్యో శతాబ్దం రెండో దశకంలో మొదలయ్యాయి.

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో ఈ జబ్బును కాలేయ వ్యాధిగా పొరబడే అవకాశం ఎక్కువే. భారతదేశంలో పెరికార్డియం ఇలా బిగుసుకోవడానికి ముఖ్య కారణం క్షయ. జార్ఖండ్‌లో క్షయ ఇంకా పెద్ద సమస్యే. పైగా బియ్యంతో కాచే హండియా ఇక్కడి ఊళ్లలో మామూలు పానీయం. పొట్ట ఉబ్బిన మనిషిని ముందు అడిగేది “తాగుతావా?” అనే. అవునంటే సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది. ఉక్కు కర్మాగారం పనికి ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల వారికీ ఈ ప్రశ్న తప్పదు.

తేడా తెలిసేది మెడ దగ్గర. రోగిని 45 డిగ్రీల వాలులో పడుకోబెట్టి, తల కొద్దిగా పక్కకు తిప్పి, వెలుతురు పక్కనుంచి పడేలా చూడాలి. సిరోసిస్‌లో మెడ సిరలు సాధారణంగా ఉబ్బవు. ఈ జబ్బులో మాత్రం ఉబ్బి కనిపిస్తాయి. గాలి లోపలికి పీల్చినప్పుడు అందరికీ తగ్గే ఆ ఉబ్బు ఇక్కడ తగ్గదు, ఒక్కోసారి ఇంకా పైకి లేస్తుంది. కుస్‌మౌల్ చెప్పిన గుర్తు ఇదే. కాళ్ల వాపు కన్నా పొట్టలో నీరు ముందుగా, ఎక్కువగా రావడం మరో సూచన. ఆ నీటిని తీసి పరీక్షిస్తే, గుండె వల్ల వచ్చినదైతే ప్రోటీన్ సాధారణంగా డెసిలీటరుకు 2.5 గ్రాములకు మించుతుంది. సిరోసిస్‌లో అంతకు తక్కువే ఉంటుంది.

ఆ తర్వాత ఎకో, సీటీ, ఎంఆర్ఐ. కొందరిలో ఛాతీ ఎక్స్‌రేలోనే గుండె చుట్టూ సున్నం పేరుకున్న గీత కనిపిస్తుంది. సీటీలో పొర మందం 4 మిల్లీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. అయితే పొర మందం మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు: అమెరికాలో మేయో క్లినిక్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఆపరేషన్ చేయించుకున్న రోగుల్లో సుమారు 18 శాతం మందికి పొర మందం సాధారణంగానే ఉంది. తేలకపోతే క్యాథెటర్‌తో గుండె లోపలి ఒత్తిడి కొలుస్తారు.

కారణం క్షయ అయితే ముందు మందులు, పొర అప్పటికే బిగుసుకుపోయి ఉంటే ఆపరేషన్. ఆలస్యమైతే కాలేయం నిజంగానే గట్టిపడుతుంది, అప్పుడు పొర ఒలిచినా ఫలితం అంతంతే. పొట్ట స్కానింగ్ రిపోర్టులో కాలేయ సిరలు వెడల్పయ్యాయని ఉంటే, ఎకో తీయించారా అని డాక్టరును అడగండి.