పులి-మేక (ఆట)

పులి-మేక తెలుగు పల్లెలలో ఇద్దరు కూర్చుని ఆడే ఆట. దీనిని పులిజూదం అని కూడా అంటారు, అయితే పందెం కాయాలన్న నియమమేమీ లేదు. ఒకరు 3 పులులను, మరొకరు 15 మేకలను నడుపుతారు. చదరంగంలో ఇరుపక్షాల బలమూ సమానం. ఇందులో బలము, నడక, గెలుపు అన్నీ వేరు. అందువలన ఆట మొదలుకాక మునుపే ఎవరు ఏ పాత్ర వహించాలన్న ప్రశ్న వస్తుంది. ఆటలో సగం ఆ ఎంపికలోనే ఉంది.

ప్రాంతము

పూర్వపు నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలు (2016, 2019 పునర్విభజనలకు ముందటివి) గుట్టలు, బండలతో నిండిన మెట్ట ప్రాంతం. గొర్రెలు, మేకల పెంపకం ఇక్కడి జీవనాధారాలలో ఒకటి. దక్షిణాన నల్లమల అడవి ఉంది. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణకు వచ్చిన భాగాన్ని ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యం అంటారు. ఇది నాగర్ కర్నూల్, నల్గొండ జిల్లాలలో విస్తరించి ఉంది. కనుక ఆటలోని రెండు పాత్రలూ ఇక్కడి కాపరులు ఎరిగినవే. సామగ్రికి ఖర్చు లేదు: చదునైన బండ, గీయడానికి బొగ్గు, మేకలకు చింతగింజలు, పులులకు గులకరాళ్ళు.

పటము

పై కొన నుండి నాలుగు గీతలు కిందికి దిగుతాయి. వాటిని నాలుగు అడ్డగీతలు ఖండిస్తాయి. పైనున్న మూడు అడ్డగీతలను ఇరువైపులా బయటికి పొడిగించి, ఆ కొసలను నిలువుగీతలతో కలుపుతారు. కొన వద్ద 1, పై మూడు వరుసలలో ఆరేసి చొప్పున 18, అడుగు వరుసలో 4, మొత్తం 23 స్థానాలు. దక్షిణ భారతదేశంలో పలు దేవాలయాల రాతి నేలపై ఇటువంటి పటాలు చెక్కి ఉన్నాయి.

ఆడే విధానము

మేకలను ఒక్కొక్క ఎత్తుకు ఒకటి చొప్పున పటంపై ఉంచుతారు. పదిహేనూ దిగేవరకు మేక కదలరాదు, పులి మాత్రం కదలవచ్చును. పక్కనున్న మేకను దాటి, అదే గీతపై ఆవలి స్థానం ఖాళీగా ఉంటే అక్కడికి దూకి, పులి ఆ మేకను తింటుంది. పులులన్నిటినీ కదలకుండా కట్టివేస్తే మేకలది గెలుపు. ఎన్ని మేకలు పోతే పులి గెలిచినట్లో ముందుగానే ఒప్పుకుంటారు. నియమాలు ఊరూరికీ కొంత మారుతుంటాయి.

పక్షము ఎంపిక, ఆటగాళ్ళ అలవాట్లు

కొత్తవారు సాధారణంగా పులినే కోరుకుంటారు. దాని పని వెంటనే కంటికి కనిపిస్తుంది: దూకడం, తినడం. మేకల పక్షం ఓర్పుగల వారికి నచ్చుతుంది. నిజానికి ఈ ఆటను నేర్పేది మేకల పక్షమే. 23 స్థానాలలో 7 చోట్ల, అనగా పై కొనలోను, పక్కల నాలుగు మూలలలోను, అడుగు వరుస రెండు కొసలలోను, మేకను తినడం ఎన్నటికీ సాధ్యం కాదు. అక్కడ గీతలు ఆగిపోతాయి, పులికి దూకే చోటు ఉండదు. అనుభవజ్ఞుడు మొదట ఈ స్థానాలను నింపి, ఆ తరువాత ఒక మేక వెనుక మరొకదానిని నిలుపుతూ వస్తాడు. తొందరగలవాడు నడుమ మేకలు పరచి నష్టపోతాడు.

పులి పక్షానికీ ఒక చెడ్డ అలవాటు ఉంది, అది దొరికిన మేకనల్లా తినడం. ఎదుటివాడు కావాలని విడిచిన మేక కోసం పులి మూలకు పోతే, తిరిగి వచ్చే దారి మూసుకుపోవచ్చును. నేర్పరి పులులను విడివిడిగా ఉంచి, నడిమి కూడళ్ళను వదలడు. ఎప్పుడూ ఒకే పక్షం పట్టేవారికి ఎదుటి పక్షపు ఆలోచన అంతుపట్టదు. పక్షాలు మార్చుకుని రెండు ఆటలు ఆడి, పోయిన మేకలను లెక్కించుకోవడమే న్యాయమైన పద్ధతి.

1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి పాత్రధారణ ఆటలలో ఆటగాడు తన పాత్రను తానే కల్పించుకుంటాడు. పులి-మేకలో ఉన్నవి రెండు పాత్రలే.

ఇతర ప్రాంతాలలో

తమిళనాడులో దీనిని ఆడు పులి ఆట్టం, కర్ణాటకలో ఆడు హులి ఆట అంటారు. నేపాలులోని బాఘ్ చాల్ ఈ కుటుంబానికే చెందుతుంది. అందులో 25 స్థానాలు, 4 పులులు, 20 మేకలు. ఇరువురూ తప్పు చేయకుండా ఆడితే బాఘ్ చాల్ సమంగా ముగుస్తుందని కంప్యూటరు గణనల ద్వారా నిరూపించారు. ఆ ఫలితం 23 స్థానాల పులి-మేకకు వర్తించదు, ఎందుకంటే పటమూ, కాయల సంఖ్యా వేరు.