కూర్పు

పూలు కూర్చితే దండ, మాటలు కూర్చితే పద్యం. ఆ ‘కూర్చు’ నుంచే ‘కూర్పు’ వచ్చింది. అచ్చు పుస్తకాల కాలంలో ఎడిషన్‌కి అదే పేరు స్థిరపడింది.

విజయనగరంలో ఈ మాటకి గొప్ప ఉదాహరణ ఉంది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో అక్కడే రంగస్థలమెక్కి, 1897లో అచ్చయింది. 1909 నాటి రెండో కూర్పులో అది దాదాపు కొత్త నాటకం. నిడివి బాగా పెరిగింది, మధురవాణి పాత్ర ఎదిగింది. రెండు కూర్పులకీ ఆయన ఇంగ్లీషులో పీఠికలు రాశారు. ఏం మారిందో రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. వాడుక భాషనే ఎందుకు పట్టుకున్నారో తెలియాలంటే పీఠిక తెరవాల్సిందే.

సాఫ్ట్‌వేర్‌లో దీనికి దగ్గరి మాట ‘కమిట్’, అంటే కోడ్‌లో చేసిన మార్పులను ఒకచోట చేర్చి నమోదు చేయడం. ఆ మాట లాటిన్ మూలానికీ ఒకచోట చేర్చడం, అప్పగించడం అనే అర్థాలున్నాయి. ఇలా మార్పులను నమోదు చేసేందుకు 2005లో లినస్ టోర్వాల్డ్స్ తయారుచేసిన సాధనం గిట్, ప్రతి కమిట్‌కీ ఒక సందేశం అడుగుతుంది. ఏ వరుస మారిందో గిట్టే చూపిస్తుంది కనుక, మనం రాయాల్సింది కారణం. ‘ఫిక్స్’ అని రాసి ఊరుకుంటే తర్వాత చదివేవాళ్లకి ఏమీ అందదు. ‘తేదీ లేని రసీదును ఆపు’ అని పైవరుస, ఒక ఖాళీ వరుస, కింద ‘ఖాళీ తేదీల వల్ల నెలవారీ మొత్తం తగ్గి కనిపిస్తోంది’ అని వివరం. ఇలా రాస్తే చాలు.

పైవరుస 50 అక్షరాలు దాటకూడదని ఆనవాయితీ. తెలుగులో క్రియ చివరికొస్తుంది. వాక్యం పొడవైతే కమిట్ల చిట్టాలో తెగిపోయేది ఆ క్రియే.