వీడియో ఆటల విమర్శకులు

క్రికెట్టును గురించి వ్రాయువాడు గట్టున కూర్చుండి వ్రాయవచ్చును. వీడియో ఆటను గురించి వ్రాయువాడు తానే ఆడి తీరవలెను. అమెరికాలో సామాన్య పాఠకులకై ఈ పని 1979లో 'వీడియో' అను పత్రికలో ఆరంభమైనదనవచ్చును. అందు 'ఆర్కేడ్ ఆలీ' అను శీర్షికను బిల్ కుంకెల్, ఆర్నీ కాట్జ్ అను మిత్రులు నడపిరి. ఇరువురును వైజ్ఞానిక కథాభిమానుల చిన్న పత్రికలలో చేయి తిరిగినవారు.

సినిమా విమర్శకునకు కథ, నటన అను కొలబద్దలు సిద్ధముగా నున్నవి. వీరికట్టివి లేవు. మీట కదపగానే బొమ్మ కదలుచున్నదా, పదవమారు ఆడినను విసుగు పుట్టకున్నదా అని చూడవలసి వచ్చెను.

ఆట బొమ్మను అచ్చొత్తించుటయు చిక్కే. నాటి టెలివిజన్ గొట్టములో ఎలక్ట్రాన్ల కిరణము గీతలు గీయుచు, అమెరికా పద్ధతిలో సెకనుకు సుమారు 60 మారులు తెర పైనుండి క్రిందికి దిగును. కెమేరాను సెకనులో 500వ వంతు మాత్రమే తెరచినచో తెరలో ఒక పట్టీయే పడును. 30వ వంతైనను తెరచి యుంచవలెను. అంతసేపు ఆటలోని బంతి ఆగునా? అలుకుకొని పోవును!

1981 చివర వీరిరువురు జాయిస్ వోర్లీతో కలసి 'ఎలక్ట్రానిక్ గేమ్స్' పత్రికను వెలువరించిరి. అమెరికాలో కేవలము వీడియో ఆటలకై పుట్టిన తొలి పత్రిక యిదియే. అయితే విమర్శకుని జీతము అతడు తూచెడి సరకును అమ్మువారి ప్రకటనల నుండియే రావలెను. 1983లో నాసిరకపు ఆటలు గుట్టలు పడి బజారు కూలినది. ప్రకటనలు తగ్గినవి. పత్రిక 1985లో ఆగినది. 1992లో ఆ ముగ్గురే అదే పేరుతో దానిని మరల తెచ్చిరి.