బరో

బరో: పట్టణం అని అర్థమిచ్చే ఆంగ్ల పదం, ఊరి పేర్లలో ఉత్తరపదం. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, మిడిల్‌సెక్స్ కౌంటీలో తెలుగు కుటుంబాలు స్థిరపడిన ప్లెయిన్స్‌బరో పేరు చివర ఉన్నది ఈ పదమే. దీని తొలి అర్థం కోట.

వ్యుత్పత్తి

ప్రాచీన ఆంగ్ల రూపం 'బుర్హ్'. జర్మన్ 'బుర్గ్' దీనికి జ్ఞాతిపదం. ఎత్తును తెలిపే ఇండో-యూరోపియన్ ధాతువే దీనికి మూలమనీ, సంస్కృత 'బృహత్' కూడా ఆ కుదురుదేననీ ఎక్కువమంది భాషావేత్తల అభిప్రాయం. విభక్తి చేరినప్పుడు ఇది 'బ్యురిగ్' అయ్యేది; కాంటర్‌బరీ వంటి పేర్లలోని 'బరీ' అందులోంచి వచ్చింది. మన 'పురం' కథా ఇంచుమించు ఇదే. ఋగ్వేదంలో 'పుర్' అంటే కోట. తరవాత పట్టణమైంది, చివరకు చిన్న పల్లెల పేర్లలోనూ చేరింది.

ఆల్ఫ్రెడ్ కాలం

ఈ పదానికి ప్రాభవం తెచ్చినవాడు వెసెక్స్ రాజు ఆల్ఫ్రెడ్ (పాలన 871-899). వైకింగుల దాడులను తట్టుకోవడానికి ఆయన రాజ్యమంతటా బుర్హ్‌లను నెలకొల్పాడు. కుమారుడు ఎడ్వర్డ్, కుమార్తె ఎథెల్‌ఫ్లెడ్ ఆ పనిని కొనసాగించారు. 913లో టామ్‌వర్త్, స్టాఫర్డ్ కోటలు ఆమె కట్టించినవే. 10వ శతాబ్ది ఆరంభానికి చెందిన 'బర్గల్ హైడేజ్' అనే పత్రంలో ముప్పైకి పైగా బుర్హ్‌ల పట్టిక ఉంది. 'హైడ్' అనే భూమి కొలతకు ఒక మనిషి చొప్పున పంపాలి. గోడ పొడవున ప్రతి 16.5 అడుగులకు నలుగురు కాపలా ఉండాలి. వించెస్టర్‌కు కేటాయించినవి 2,400 హైడ్‌లు. ఆ లెక్కన గోడ 9,900 అడుగులు ఉండాలి. అక్కడి రోమన్ ప్రాకారం పొడవు దాదాపు అంతే! ఆనాటి పాలనా దక్షతకు ఇది చక్కని నిదర్శనం.

తరవాతి శతాబ్దాలు

నార్మన్ల రాక తరవాత బరో అంటే రాజశాసనం పొందిన పట్టణం, పార్లమెంటుకు సభ్యులను పంపే నియోజకవర్గం అయింది. జనం లేని ఓల్డ్ సారమ్ వంటి బరోల ప్రాతినిధ్యాన్ని 1832 సంస్కరణ చట్టం రద్దు చేసింది.

అమెరికాలో

వలసవాసులతో ఈ పదం అట్లాంటిక్ దాటింది. 1890లో ఏర్పడిన అమెరికా భౌగోళిక నామాల మండలి, ఊరి పేర్ల చివర దీని పొడవైన వర్ణక్రమాన్ని కుదించి రాయాలని సూచించింది. ప్లెయిన్స్‌బరో పేరు నేడు ఆ పొట్టి రూపంలోనే ఉంది.

ప్లెయిన్స్‌బరో పొరుగూరు క్రాన్‌బరీ పేరు ఒకప్పుడు 'క్రాన్‌బెర్రీ'. అది తప్పు రూపమనీ, చివర ఉండవలసింది బరోకు పాత రూపమైన 'బరీ' అనీ, పేరుకు అర్థం 'కొంగల ఊరు' అనీ 1857లో మతాచార్యుడు జోసెఫ్ సిమ్స్ వాదించాడు. 1869 నాటికి ఊరి పేరు, వాగు పేరు రెండూ మారాయి.

క్రాన్‌బరీ, సౌత్ బ్రన్స్‌విక్ టౌన్‌షిప్‌ల నుంచి కొంత భాగాన్ని విడదీసి 1919లో ప్లెయిన్స్‌బరోను ఏర్పరిచారు. న్యూజెర్సీలో 'బరో' అనేది ఒక తరహా స్థానిక ప్రభుత్వానికి చట్టబద్ధమైన పేరు. ప్లెయిన్స్‌బరో ఆ కోవలోకి రాదు. చట్టం దృష్టిలో అది టౌన్‌షిప్.